కంటి చుక్కల మందు నింపే యంత్రం: తయారుగా ఉన్నది కొనాలా, ప్రత్యేకంగా చేయించుకోవాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా చెబుతాను. జీడిమెట్లలో మీకు ఒక చిన్న యూనిట్ ఉంది. ఇప్పటివరకు 5 మి.లీ. కంటి చుక్కల మందును సెమీ ఆటోమేటిక్ యంత్రం మీద నింపుతున్నారు. ఇకపై 10 మి.లీ. కంటి చుక్కలు, 15 మి.లీ. ముక్కు స్ప్రే కూడా మొదలుపెట్టాలనుకుంటున్నారు. అహ్మదాబాద్ నుంచి రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి తయారుగా ఉన్న మోడల్‌కు, రెండోది ఈ మూడింటినీ ఒకే యంత్రం మీద నింపేలా మీ కోసమే రూపొందించి ఇచ్చే యంత్రానికి. రెండోదాని ధర మొదటిదానికి దాదాపు రెట్టింపు. వీటిలో ఏది మేలు, డబ్బు కట్టే ముందు ఏమేం చూసుకోవాలి, వీటికి బదులు పాత యంత్రం కొనవచ్చా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే, తయారుగా ఉన్న మోడల్‌నే తీసుకోండి, కానీ అందులో బాటిల్‌ను, నాజిల్‌ను (బాటిల్ మెడలో కూర్చునే, చుక్క పడే ముక్క), క్యాప్‌ను పట్టుకునే భాగాలన్నిటినీ మీ కొలతలకు ప్రత్యేకంగా చేయించుకోండి. ముక్కు స్ప్రేను ఈ యంత్రంతో కలపకండి. ఆర్డర్ మీద సంతకం పెట్టే ముందే బాటిల్, నాజిల్, క్యాప్ మూడింటినీ ఖరారు చేసుకోండి. ఇరవై నాలుగేళ్లుగా ఫిల్లింగ్ లైన్ల దగ్గరే పనిచేస్తున్నాను. ఇంతకాలంలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం యంత్రం నాసిరకం కావడం వల్ల వచ్చినవి కావు, బాటిల్ ఏదో తేలకముందే యంత్రం కొనడం వల్ల వచ్చినవి. పాదం కొలత ఇవ్వకుండా చెప్పులు కుట్టించుకుంటే ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుంది.

కారణం చెబుతాను. కంటి చుక్కల బాటిల్ సాధారణంగా ఎల్‌డీపీఈ ప్లాస్టిక్‌తో చేసింది. నొక్కితే చుక్క పడాలి కాబట్టి గోడ పలచగా, మెత్తగా ఉంటుంది. ఖాళీ బాటిల్ బరువు కొద్ది గ్రాములే. ఇంజెక్షన్ మందు నింపే గాజు వయల్ అయితే కన్వేయర్ మీద తన బరువుతో తాను నిలబడుతుంది, దాని కొలతలు కూడా అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం స్థిరంగా ఉంటాయి. 10ఆర్ అన్న సైజు వయల్ ఏ దేశం నుంచి తెచ్చినా దాని వ్యాసం 24 మిల్లీమీటర్లే. మన ప్లాస్టిక్ బాటిల్‌కు అలాంటి భరోసా లేదు. ప్రతి మోల్డ్ (అచ్చు) తయారీదారుకూ తనదైన ఆకారం, తనదైన మెడ, తనదైన క్యాప్ ఉంటాయి. ఒకే తయారీదారు ఇచ్చిన బాటిళ్లలో కూడా తేడాలు ఉంటాయి. ఆ సంగతి నాకు ఎలా తెలిసివచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి.

చాలా ఏళ్ల కిందట ఒక యూనిట్‌లో కొత్త లైన్ పెట్టాం. తయారీదారు దగ్గర మూడు రోజుల పాటు పరీక్ష చేశాం, ఒక్క బాటిల్ కూడా కారలేదు. మా దగ్గరికి వచ్చాక మొదటి బ్యాచ్‌లోనే లీకులు మొదలయ్యాయి. క్యాప్ బిగింపు పెంచాం, తగ్గించాం, నాజిల్ దిగే లోతు మార్చాం, తయారీదారు మనిషిని రప్పించాం. వారం రోజులు తలప్రాణం తోకకు వచ్చింది. చివరికి ప్యాకింగ్ హాలులో పనిచేసే ఒక ఆపరేటర్, కారిన బాటిళ్లన్నిటినీ ఒక ట్రేలో తలకిందులుగా పేర్చి, "సార్, వీటన్నిటి అడుగున 5 అనే అంకె ఉంది" అంది. ఆ మోల్డ్‌లో ఎనిమిది గుంతలు ఉండేవి. ఏ గుంతలో పోసిన బాటిల్‌కు ఆ గుంత అంకె అడుగున పడుతుంది. అయిదో గుంత బాటిల్ మెడ లోపలి వ్యాసం మిగిలిన వాటికంటే కొంచెం ఎక్కువగా ఉంది, నాజిల్ అందులో వదులుగా కూర్చుంటోంది. పరీక్షకు పంపిన పెట్టెలో ఎలా జరిగిందోగాని అయిదో గుంత బాటిళ్లు దాదాపుగా లేవు. తప్పు యంత్రానిది కాదు, మేము పరీక్షకు పంపిన నమూనాది. ఆ రోజు నుంచి నేను ఏ యంత్రం పరీక్షకు వెళ్లినా అన్ని గుంతల బాటిళ్లూ సమానంగా కలిసిన పెట్టెలు, అదీ కనీసం రెండు వేర్వేరు లాట్ల నుంచి పంపించమని పట్టుబడతాను.

మీరు చేయవలసిన మొదటి పని ఇదే. బాటిల్, నాజిల్, క్యాప్ సరఫరాదారు దగ్గర నుంచి కొలతల డ్రాయింగ్‌ను, ఆ కొలతలకు అనుమతించే హెచ్చుతగ్గులతో సహా, సంతకం చేయించి తీసుకోండి. ఆ తరువాత స్టెరిలైజ్ చేసిన, అంటే సూక్ష్మజీవులు లేకుండా చేసిన బాటిళ్లను మళ్లీ కొలవండి. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో స్టెరిలైజ్ చేసే ప్రక్రియలో వేడి తగులుతుంది. బాటిళ్లను సంచుల్లో మరీ కిక్కిరిసేలా నింపితే కొన్ని నొక్కుకుపోయి గుండ్రదనం పోగొట్టుకుంటాయి. యంత్రం మీదికి వచ్చేది ఆ బాటిలే గనుక డ్రాయింగ్‌తో పాటు దాని కొలత కూడా యంత్రం తయారీదారుకు తెలియాలి.

ఇక్కడే మీకు ఖర్చు తగ్గే మార్గం ఒకటి ఉంది. 5 మి.లీ., 10 మి.లీ. బాటిళ్లు రెండింటికీ ఒకే వ్యాసం, ఒకే మెడ ఉండేలా ఎంచుకోండి. తేడా ఎత్తులో మాత్రమే ఉండాలి. అప్పుడు స్టార్ వీల్ (బాటిల్‌ను పట్టి తిప్పే చక్రం), గైడ్లు, నాజిల్ పెట్టే తల, క్యాప్ బిగించే తల అన్నీ రెండింటికీ అవే సరిపోతాయి. ఒక సైజు నుంచి ఇంకొక సైజుకు మారాలంటే ఎత్తు సర్దుబాటు చేసి, పంపు కొలత మార్చితే చాలు. వ్యాసం వేరుగా ఉంటే సైజుకు తగ్గట్టు మార్చే భాగాల (చేంజ్ పార్ట్స్) సెట్ మొత్తం ఇంకొకటి కొనాలి, మార్చిన ప్రతిసారీ స్టెరైల్ గదిలో మనుషుల కదలిక పెరుగుతుంది. రెండో కొటేషన్‌లో మీ దగ్గర తీసుకునే అదనపు ధరలో ఎంతో కొంత భాగం బాటిల్ ఎంపికలోనే మిగిలిపోతుందని నా నమ్మకం.

తేలికైన బాటిళ్లు కన్వేయర్ మీద పడిపోతుంటే చాలామంది వేగం తగ్గిస్తారు. అంతకంటే మంచి ఉపాయం పక్‌లు. పక్ అంటే బాటిల్ అడుగు భాగం సరిగ్గా కూర్చునేలా చేసిన చిన్న గిన్నె లాంటి పట్టు. బాటిల్ దానిలో కూర్చుని లైన్ అంతా తిరుగుతుంది, కన్వేయర్‌కు తగిలేది పక్ మాత్రమే. బాటిల్ మారితే పక్ మార్చుకుంటే సరిపోతుంది. కానీ పక్‌లు కూడా గ్రేడ్ ఎ ప్రాంతంలో, అంటే అత్యంత శుభ్రమైన గాలి ఉండే చోట తిరుగుతాయి కాబట్టి వాటిని ఎలా శుభ్రం చేస్తారు, ఎన్ని సెట్లు ఇస్తారు అన్నది ముందే తేల్చుకోవాలి.

క్యాప్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో వాడే కంటి చుక్కల బాటిళ్లలో ఒక విశేషం ఉంది. చాలా బాటిళ్లలో నాజిల్ కొస మూసే ఉంటుంది. క్యాప్ లోపల ఒక ముల్లు ఉంటుంది. రోగి ఇంట్లో మొదటిసారి క్యాప్‌ను చివరిదాకా బిగించినప్పుడు ఆ ముల్లు నాజిల్‌కు రంధ్రం చేస్తుంది. అంటే కర్మాగారంలో క్యాప్‌ను సగం దాకానే బిగించి, రింగ్ దగ్గర ఆపాలి. బిగింపు కొద్దిగా ఎక్కువైతే రంధ్రం మన దగ్గరే పడిపోతుంది, బాటిల్ చూడటానికి బాగానే కనిపిస్తుంది, స్టెరిలిటీ మాత్రం పోయినట్టే. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న మనిషి కంటిలో పడే మందు అది. అందువల్ల మీ బాటిల్ ఈ రకానిదైతే అయస్కాంత క్లచ్‌తో బిగించే సాధారణ తలకు బదులు, బిగింపును ప్రతి బాటిల్‌కూ కొలిచి పరిధి దాటినదాన్ని పక్కకు తోసే, సర్వో మోటారుతో నడిచే తలను అడగండి. ధర పెరుగుతుంది. ప్రత్యేకంగా చేయించుకోవడానికి డబ్బు పెట్టదగిన చోటు ఏదైనా ఉందంటే ఇదే. బిగింపు పరిధి ఎంత ఉండాలో మీ క్యాప్ తయారీదారు నుంచే రాతపూర్వకంగా తీసుకోండి, యంత్రం తయారీదారు అంచనా మీద ఆధారపడకండి.

ఇక పంపు విషయం. ఏ పంపు మంచిదని అందరూ అడుగుతారు. మీరు నింపే మందు ఏదో తెలిస్తేగాని దానికి జవాబు లేదు. నీళ్లలా పారే యాంటీబయోటిక్ ద్రావణానికి ట్యూబును బయటి నుంచి నొక్కుతూ మందును తోసే పెరిస్టాల్టిక్ పంపు హాయిగా పనిచేస్తుంది. మందు ట్యూబు లోపలే ఉంటుంది, బ్యాచ్ అయిపోగానే ట్యూబు మార్చేస్తారు, శుభ్రపరచడం తేలిక. కళ్లు పొడిబారినవారికి ఇచ్చే కార్మెల్లోజ్ వంటి చిక్కటి ద్రావణాలకు పిస్టన్ పంపు నయం, ఎందుకంటే చిక్కదనం మారినా అది తోసే పరిమాణం పెద్దగా మారదు. చిక్కటి మందు నింపే సూది బయటికి వచ్చేటప్పుడు కొసన ఒక తీగలాగా సాగి బాటిల్ మెడ మీద పడుతుంది. మెడ తడిస్తే నాజిల్ జారి వంకరగా కూర్చుంటుంది. దీనికి చివరి బొట్టును వెనక్కి లాగే ఏర్పాటు, సూది బాటిల్‌లోకి దిగి నింపుతూ పైకి వచ్చే ఏర్పాటు రెండూ ఉండాలి. ప్రెడ్నిసొలోన్ అసిటేట్ వంటి సస్పెన్షన్లయితే, అంటే కరగని పొడి కలిసిన మందులైతే ఇంకొక చిక్కు ఉంది. లైన్ పది నిమిషాలు ఆగితే ట్యూబులో మందు పొడి కిందికి దిగిపోతుంది. ఆగిన తరువాత మొదట నిండే బాటిళ్లలో మందు మోతాదు సరిగా ఉండదు. అందుకు ట్యాంకులో కలుపుతూ ఉండటం ఒక్కటే చాలదు, నింపే సూదుల దగ్గరి వరకు మందు తిరుగుతూ ఉండేలా పైపు వేయించాలి.

ట్యూబు గురించి చాలామంది పట్టించుకోని మాట ఒకటి చెప్పాలి. కంటి చుక్కల్లో నిల్వ కోసం వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ వంటి పదార్థాలను సిలికాన్ ట్యూబు కొంత పీల్చుకుంటుంది. లైన్ నడుస్తున్నప్పుడు ఆ తేడా తెలియదు. భోజన విరామం తరువాత ట్యూబులో నిలిచిన మందు బాటిల్‌లోకి వచ్చినప్పుడు దానిలో ఆ పదార్థం తగ్గి ఉండవచ్చు. ఎంతసేపు ఆగితే ఎన్ని బాటిళ్లు పారేయాలో మీ మందుతో, మీ ట్యూబుతో పరీక్షించి నిర్ణయించాలి. ఆ సంఖ్యను యంత్రంలోనే పెట్టించండి, అంటే నిర్ణీత సమయానికి మించి ఆగితే ఆ బాటిళ్లను యంత్రమే తీసివేయాలి. ఆపరేటర్ జ్ఞాపకం మీద వదిలేయవలసిన పని కాదు ఇది.

వేగం గురించి మీకు వచ్చిన కొటేషన్‌లో నిమిషానికి 60 బాటిళ్లు అని రాశారు. దాన్ని అలాగే నమ్మి లెక్క వేయకండి. మీ బ్యాచ్ 200 లీటర్లు అనుకుందాం, ఒక్కో బాటిల్‌లో 5.2 మి.లీ. నింపుతారు అనుకుందాం. సుమారు 38,400 బాటిళ్లు అవుతాయి. నిమిషానికి 60 చొప్పున 10 గంటల 40 నిమిషాలు పట్టాలి. కానీ పడిన బాటిల్ తీయడం, నాజిళ్లను వరుసగా పంపే గిన్నెలో (బౌల్) నాజిళ్లు నింపడం, బరువు తనిఖీ వంటి ఆటంకాలన్నీ కలుపుకుంటే చిన్న యూనిట్లలో నాకు కనిపించేది ఆ వేగంలో నాలుగింట మూడు వంతులే, అంటే నిమిషానికి 45. అప్పుడు అదే బ్యాచ్‌కు 14 గంటలకు పైగా పడుతుంది. ఒక షిఫ్ట్ కాస్తా రెండు షిఫ్టులవుతుంది. ఫిల్టర్ చేసిన మందును ఎంతసేపు నిల్వ ఉంచవచ్చో మీరు నిరూపించుకున్న గడువు దాటిపోవచ్చు. మీడియా ఫిల్ (మందుకు బదులు సూక్ష్మజీవులు పెరిగే ద్రావణం నింపి చేసే పరీక్ష) కూడా ఆ నిడివిలో జరిగే షిఫ్ట్ మార్పులను, విరామాలను అన్నిటినీ చూపించగలిగేలా రూపొందించాలి. అందువల్ల వేగాన్ని ఎంచుకునేటప్పుడు బ్యాచ్ ఎన్ని గంటల్లో అయిపోవాలో ముందు నిర్ణయించి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి.

5.2 మి.లీ. అని ఎందుకు రాశానంటే, ఎల్‌డీపీఈ గోడ గుండా నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతూ ఉంటుంది. గడువు తీరే నాటికి కూడా లేబుల్ మీద రాసిన పరిమాణం ఉండాలి. ఎంత ఎక్కువ నింపాలి అన్నది మీ స్టెబిలిటీ (నిల్వ పరీక్ష) ఫలితాలు చెప్పాలి. నేను రాసినది లెక్క కోసమే.

మీడియా ఫిల్ మాట వచ్చింది కాబట్టి మరొకటి. మీ బాటిళ్లు తెల్లటివి, లోపల ఏముందో కనబడదు. మీడియాలో సూక్ష్మజీవులు పెరిగి మసకబారినా బయటి నుంచి తెలియదు. అదే మోల్డ్‌లో రంగు కలపని బాటిళ్లను మీడియా ఫిల్ కోసం విడిగా పోయించుకోండి. బాటిల్ ఆర్డర్‌తో పాటే ఈ మాట చెబితే సరఫరాదారు సులువుగా ఇస్తాడు, తరువాత అడిగితే నెలలు తిప్పుతాడు. పెరుగుదల ఒక్క బాటిల్‌లో కూడా ఉండకూడదన్నదే లక్ష్యం. స్టెరైల్ మందుల తయారీకి యూరప్ పెట్టిన నియమావళి, 2022లో సవరించిన అనెక్స్ 1, ఈ మాటే చెబుతోంది.

ముక్కు స్ప్రేను ఎందుకు కలపవద్దన్నానో ఇప్పుడు చెబుతాను. స్ప్రే పంపుకు కింద పొడవాటి గొట్టం ఉంటుంది. అది వంగి ఉంటుంది, పైగా ఏ రెండు గొట్టాలూ ఒకేలా వంగవు. దాన్ని బాటిల్ మెడలోకి దించడానికి ప్రత్యేకమైన స్టేషన్ కావాలి. కంటి చుక్కల నాజిల్ పెట్టే స్టేషన్‌తో దానికి ఏ పోలికా లేదు. రెండూ ఒకే ఫ్రేమ్ మీద పెడితే ఎప్పుడూ ఒకటి ఖాళీగా పడి ఉంటుంది, ఖాళీగా ఉన్నదాన్ని కూడా గ్రేడ్ ఎ గాలి కింద శుభ్రం చేస్తూ ఉండాలి. మీ ముక్కు స్ప్రే స్టెరైల్ ఉత్పత్తి కాదు కాబట్టి, దాన్ని అంత ఖరీదైన గాలి కింద నింపడం వృథా. స్టెరైల్ లైన్‌లోకి స్టెరైల్ కాని పంపులను తీసుకురావడం ప్రమాదం కూడా. దానికి వేరే గదిలో, మీ దగ్గర ఇప్పుడున్న సెమీ ఆటోమేటిక్ యంత్రాన్నే మార్పించి వాడుకోండి. బాలానగర్‌లో టూలింగ్ పనివాళ్లకు కొదవ లేదు. పట్టు, గైడ్ వంటి మందును తాకని భాగాలు అక్కడే చేయించుకోవచ్చు.

మందును తాకే భాగాల విషయంలో మాత్రం అలాంటి సర్దుబాటు ఉండకూడదు. అవి 316ఎల్ స్టీలుతో, లోపలి ఉపరితలం గరుకుదనం 0.4 మైక్రాన్ లోపు ఉండేలా, లోహానికి మిల్లు ఇచ్చే పరీక్ష ధ్రువపత్రంతో సహా రావాలి. ఆ ధ్రువపత్రం మీద ఉన్న హీట్ నంబరు (ఆ లోహం పోసిన విడత సంఖ్య) భాగం మీద కూడా ఉందో లేదో స్వయంగా చూడండి. చాలాసార్లు ధ్రువపత్రం ఉంటుంది, నంబరు మాత్రం ఏ భాగం మీదా ఉండదు. అలాంటప్పుడు ఆ కాగితం దేనికి సంబంధించినదో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు డబ్బు కట్టే ముందు చూడవలసిన వాటి గురించి. మొట్టమొదట మీకు ఏం కావాలో మీరే రాసుకోవాలి. దాన్ని యూఆర్ఎస్ అంటారు, అంటే వాడుకదారు అవసరాల పత్రం. చాలా చిన్న యూనిట్లలో తయారీదారు పంపిన బ్రోషర్‌నే తిరగరాసి యూఆర్ఎస్ అని పేరు పెడతారు. దానివల్ల ప్రయోజనం ఏమీ ఉండదు. మీ యూఆర్ఎస్‌లో ప్రతి వాక్యమూ పరీక్షించగలిగేదిగా ఉండాలి. "యంత్రం ఖచ్చితంగా నింపాలి" అని రాస్తే ఎవరూ దాన్ని నిరూపించలేరు. "నాలుగు సూదుల్లో ప్రతిదాని నుంచీ వరుసగా 50 బాటిళ్లు తూచినప్పుడు అన్నీ లక్ష్య బరువుకు ఒక శాతం లోపల ఉండాలి" అని రాస్తే అదే పరీక్ష అవుతుంది. మన దేశంలో మందుల తయారీ ప్రమాణాలు చెప్పే షెడ్యూల్ ఎం సవరించిన రూపంలో 2023 డిసెంబరు 28న నోటిఫై అయింది. 250 కోట్ల రూపాయల వరకు టర్నోవర్ ఉన్న చిన్న, మధ్యతరహా యూనిట్లకు షరతులతో 2025 డిసెంబరు 31 వరకు గడువు పొడిగించారు. పరికరాల క్వాలిఫికేషన్ (యంత్రం సరిగా పనిచేస్తుందని నిరూపించడం), రిస్క్ అంచనా, మార్పుల నియంత్రణ అన్నీ అందులో స్పష్టంగా ఉన్నాయి. మంచి యూఆర్ఎస్ ఉంటే తరువాత చేసే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ అనే మూడు దశల క్వాలిఫికేషన్ సగం రాసిపెట్టినట్టే.

ఆర్డర్ ఇచ్చే ముందు టేపు తీసుకుని మీ ఆటోక్లేవ్ లోపలి కొలత తీయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాజిళ్లను, క్యాప్‌లను వరుసలో పెట్టి పంపే బౌల్ ఫీడర్ గిన్నెలు స్టెరైల్ నాజిళ్లను తాకుతాయి, కాబట్టి వాటిని కూడా ఊడదీసి స్టెరిలైజ్ చేయాలి. ఒక యూనిట్‌లో కొత్త యంత్రం దిగిన తరువాతే తెలిసింది, గిన్నె వ్యాసం ఆటోక్లేవ్ తలుపు కంటే పెద్దదని. గిన్నెను యంత్రం మీదే ఉంచి ఆల్కహాల్‌తో తుడుస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. గిన్నెను మళ్లీ చిన్నదిగా చేయించి, దానికి తగ్గట్టు వరుస పట్టాలు మార్చడానికి రెండు నెలలు పట్టింది, ఖర్చు తడిసి మోపెడయింది. అలాగే క్లీన్‌రూమ్ తలుపు వెడల్పు, లిఫ్ట్ కొలత, మెట్ల మలుపు కూడా కొలిచి తయారీదారుకు పంపండి. గోడ పగలగొట్టి యంత్రం లోపలికి తెచ్చిన యూనిట్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి.

యంత్రం పైన గాలి ఎలా పారుతుందో డ్రాయింగ్ దశలోనే చూడండి. పైనుంచి హెపా ఫిల్టర్ గుండా వచ్చే శుభ్రమైన గాలి నేరుగా తెరిచి ఉన్న బాటిల్ మీదికి, సూదుల మీదికి, నాజిళ్ల మీదికి రావాలి. మధ్యలో మోటారు పెట్టె గాని, అడ్డంగా వేసిన వెడల్పాటి పలక గాని ఉండకూడదు. గాలి ఒత్తిడితో కదిలే న్యూమాటిక్ సిలిండర్ల నుంచి బయటికి వచ్చే గాలిని పైపుతో యంత్రం కిందికి తీసుకుపోవాలి. ఆపరేటర్ పడిపోయిన బాటిల్ తీయడానికి తలుపు తెరవకుండా, యంత్రం తలుపుకు బిగించిన గ్లోవ్‌లో చేయి పెట్టి అందుకోగలగాలి. గ్లోవ్ ఎక్కడ ఉండాలో తెలియాలంటే చెక్కతో గాని, అట్టతో గాని యంత్రం నిజమైన సైజులో ఒక నమూనా చేయించి, మీ ఆపరేటర్లలో అందరికంటే పొట్టిగా ఉన్న మనిషిని దాని ముందు నిలబెట్టి చేయి పెట్టించి చూడండి. తయారీదారు దగ్గర కంప్యూటర్ బొమ్మలో అన్నీ అందినట్టే కనిపిస్తాయి.

ఎఫ్ఏటీ, అంటే తయారీదారు దగ్గర జరిగే అంగీకార పరీక్షకు, మీరే స్వయంగా వెళ్లండి. మీతోపాటు క్వాలిటీ విభాగం నుంచి ఒకరిని, రేపు ఆ యంత్రం నడపబోయే ఆపరేటర్‌ను కూడా తీసుకువెళ్లండి. ఆపరేటర్ చూసేవి మనకు కనబడవు. మీ బాటిళ్లు, మీ నాజిళ్లు, మీ క్యాప్‌లు వేలల్లో పంపండి. నీళ్లతో ఒక పరీక్ష, మీ చిక్కటి మందుకు సమానమైన చిక్కదనం ఉన్న ద్రావణంతో ఇంకొకటి చేయండి. కనీసం నాలుగు గంటలు ఆపకుండా నడిపించండి. మొదటి అరగంటలో ఏ యంత్రమైనా బాగానే నడుస్తుంది. నడుస్తుండగా కావాలని నాజిల్ లేని బాటిల్ పెట్టండి, క్యాప్ లేనిది పెట్టండి, సగమే నిండినది పెట్టండి. యంత్రం ప్రతిదాన్నీ పట్టుకుని పక్కకు తోయాలి. తరువాత కరెంటు ఆపి మళ్లీ ఇవ్వండి. ఆ సమయంలో లైన్ మీదున్న బాటిళ్లను మంచివిగా లెక్క వేసుకుందా, తీసివేసిందా చూడండి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే బయటపడ్డాయి.

చెల్లింపుల విషయంలో నా పద్ధతి ఇది. ఆర్డర్‌తో కొంత, డ్రాయింగ్‌లు ఆమోదించాక కొంత, ఎఫ్ఏటీ పాసయ్యాక పెద్ద భాగం, చివరి పది శాతం మీ దగ్గర క్వాలిఫికేషన్ పూర్తయ్యాక. ఆ చివరి పది శాతాన్ని వదులుకోకండి. తయారీదారు మనిషిని మీ ఫోన్ ఎత్తేలా చేసేది అదే.

ఒప్పందంలో మరొక మాట తప్పకుండా రాయించండి. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే కంప్యూటర్) ప్రోగ్రామ్, దాని పాస్‌వర్డ్, వైరింగ్ డ్రాయింగ్‌లు యంత్రంతో పాటే మీకు అప్పగించాలి. నేను పనిచేసిన ఒక చోట, యంత్రం చేసిన చిన్న సంస్థ కొన్నేళ్లకు మూతపడింది. ఒక సెన్సార్ మార్చాక ప్రోగ్రామ్‌లో ఒక విలువ సరిచేయవలసి వచ్చింది, లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. పదకొండు రోజులు లైన్ ఆగిపోయింది, ఫిల్టర్ చేసి ఉంచిన ఒక బ్యాచ్ పారబోశాం. ప్రత్యేకంగా చేయించుకున్న యంత్రంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే దానిలాంటిది ప్రపంచంలో ఇంకొకటి ఉండదు, దాని గురించి అడగడానికి ఇంకొక వాడుకదారుడు ఉండడు. తయారుగా ఉన్న మోడల్ అయితే పాశమైలారంలోనో, పరవాడలోనో దాన్ని నడుపుతున్నవాళ్లు దొరుకుతారు. కొనే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక గంట నిలబడి చూడండి. తయారీదారు ఇచ్చిన పేర్ల దగ్గరికే కాకుండా, మీరు వెతికి పట్టుకున్న ఒకరి దగ్గరికి కూడా వెళ్లండి.

అయితే పూర్తిగా ప్రత్యేకమైన యంత్రం ఎవరికీ వద్దని నా మాటలకు అర్థం చేసుకోకండి. డయాగ్నస్టిక్ కిట్లలో అర మిల్లీలీటరు ద్రావణాన్ని చిన్న ట్యూబుల్లో నింపి, నాలుగు రకాల ట్యూబులను ఒకే ట్రేలో వరుసగా అమర్చే పని ఉంటే దానికి తయారు మోడల్ దొరకదు. రెండు గదులున్న సిరంజి, రోగి స్వయంగా వాడే ప్రత్యేక పరికరం వంటివి కూడా అంతే. అక్కడ కంటైనరే కొత్తది కాబట్టి యంత్రం కూడా కొత్తగా పుట్టాలి. అలాంటప్పుడు కూడా ఒక్కసారిగా మొత్తం లైన్ ఆర్డర్ ఇవ్వకుండా, కష్టమైన ఒక్క స్టేషన్‌ను ముందుగా చేయించి పరీక్షించి, ఆ తరువాత మిగిలినదానికి వెళ్లడం క్షేమం. మీ సందర్భం అది కాదు. కంటి చుక్కల బాటిల్ నింపడం ఎందరో ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని, దాని మెకానిజం తేలిపోయినది.

బ్లో-ఫిల్-సీల్ యంత్రం గురించి కూడా ఎవరో మీకు చెప్పినట్టు రాశారు. బాటిల్ ఊదడం, నింపడం, మూయడం అన్నీ ఒకే చోట జరుగుతాయి, మనిషి చేయి దగ్గరికి రాదు, చాలా మంచి పద్ధతి. కానీ పెట్టుబడి వేరే స్థాయిలో ఉంటుంది, ప్రతి ఆకారానికీ ఖరీదైన మోల్డ్ కావాలి, ఒకసారి మొదలుపెడితే గంటల తరబడి నడిస్తేనే గిట్టుబాటు అవుతుంది. నెలకు కొద్ది బ్యాచ్‌లు చేసే మీ యూనిట్‌కు ఇప్పుడు అది సరిపోదు.

చివరి సందేహం పాత యంత్రం గురించి. కొనవచ్చు, నేనూ రెండుసార్లు కొనిపించాను. కానీ మూడు షరతులు. అది అంతకుముందు ఏ మందులు నింపిందో రాతపూర్వకంగా తెలియాలి. పెనిసిలిన్, సెఫలోస్పోరిన్, హార్మోన్లు, క్యాన్సర్ మందులు నింపిన యంత్రమైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మందును తాకే భాగాలన్నీ కొత్తవి, ధ్రువపత్రాలతో సహా, మీ బాటిల్ కొలతలకు చేయించుకోవాలి. దాని కంట్రోల్ ప్యానెల్ పాతదైతే, ఎవరు లాగిన్ అయ్యారో, ఎప్పుడు ఏ సెట్టింగ్ మార్చారో నమోదు చేసే కొత్త పీఎల్‌సీ వేయించాలి. ఈ రెండు ఖర్చులూ కలిపి కొత్త యంత్రం ధరలో సగం దాటితే కొత్తదే కొనండి. దాటకపోతే పాతదాన్ని తెచ్చే ముందు ఒకసారి నడుస్తుండగా చూడండి, గోడౌన్‌లో ప్లాస్టిక్ కవరు కప్పి చూపించినదాన్ని కొనకండి. మీ బాటిల్, నాజిల్, క్యాప్ డ్రాయింగ్‌లు చేతికి వచ్చాక ఇక్కడే పెట్టండి, ఏ భాగాలు కొత్తగా చేయించాలో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను.